ఊరికే కూర్చునే హక్కు

'ఊరికే' చాలా చిన్న మాట. కానీ ఆడవాళ్ళ జీవితాన్ని తూచడానికి ఇంతకంటే మంచి తక్కెడ నాకింతవరకూ దొరకలేదు. డబ్బు తీసుకోకుండా ఇస్తే ఊరికే ఇచ్చినట్టు. పనేమీ చేయకుండా కూర్చుంటే ఊరికే కూర్చున్నట్టు. కారణం చెప్పకుండా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఊరికే ఏడ్చినట్టు. ఒక స్త్రీ యాభై ఏళ్ళు చేసిన ఇంటి చాకిరీని కుటుంబం మొదటి అర్థంలో తీసుకుంటుంది. ఆమె పది నిమిషాలు కూర్చుంటే రెండో అర్థంలో దెప్పుతుంది. ఎందుకు ఏడ్చిందో కనుక్కునే శ్రమ లేకుండా మూడో అర్థం ఎలాగూ ఉండనే ఉంది! మా అమ్మ విషయంలో ఈ మూడింటికీ నాలుగోది వచ్చి చేరింది. నాలుగేళ్ళ క్రితం నాన్న పోయిన దగ్గర్నుంచీ చుట్టపక్కాలందరి నోటా వినపడుతున్న మాట: "ఆమె ఊరికే ఉంది కదా!" అంటే ఆమె కాలం ఖాళీగా ఉంది, ఎవరికి అవసరమైతే వాళ్ళు వాడుకోవచ్చు అని.

నిరుడు జూలైలో నేనూ అమ్మా ఒక ఆర్.వి. అద్దెకు తీసుకుని పదిరోజులు అడవుల్లో గడిపాం. ఇది ఆ యాత్ర కథ కాదు. ఆ పదిరోజుల్లో మా ఇద్దరి మధ్యా నలిగిన ప్రశ్న గురించి రాయాలనుకుంటున్నాను. కూతురు అమ్మకు ఏం బాకీ? ఆ బాకీ తీర్చడమంటే ఏమిటి? అమ్మకు విశ్రాంతి 'ఇవ్వడం' అసలు కూతురి చేతిలో ఉన్న పనేనా? ఈ ప్రశ్న గాల్లోంచి ఊడిపడలేదు. అక్టోబరులో మా మరదలికి రెండో కాన్పు. డిసెంబరు మొదట్లో అమ్మకు తిరుగు టిక్కెట్టు ఉంది. వీసా పొడిగింపుకి అప్లై చేసి అమ్మని ఇంకో ఆరునెలలు డల్లాస్‌లో ఉంచుకోవాలని మా తమ్ముడు అనుకున్నాడు. అమ్మని ఎవరూ అడగలేదు. ఊరికే ఉంది కదా!

అమ్మకి అరవై తొమ్మిదేళ్ళు. ఇంతకుముందు మూడుసార్లు అమెరికా వచ్చింది. నా రెండు కాన్పులకీ, తమ్ముడి మొదటి బిడ్డకీ. ప్రతిసారీ సూట్‌కేసు నిండా కాయం పొడి, కందిపొడి, పాత నూలుచీరలు చింపి మడతపెట్టిన పొత్తిగుడ్డలు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు ఈ దేశంలో ఉద్యోగం చేయకూడదు. అమ్మ ఆ నియమాన్ని ఏనాడూ మీరలేదు. ఎందుకంటే తెల్లవారుజామున నాలుగింటికి పాలసీసా కడగడం దగ్గర్నుంచి రాత్రి పదకొండింటికి స్టవ్ తుడవడం దాకా ఆమె చేసింది ఎవరి లెక్కలోనూ పని కాదు. మన అమ్మల మీదా అత్తల మీదా ఆనుకుని నిలబడిన ఉద్యోగాలు, పీహెచ్.డీలు, పుస్తకాలు ఎన్నో ఈ పత్రిక చదువుతున్న మీకు వేరే చెప్పాలా?

ఆర్.వి. గురించి రెండు మాటలు. చిన్న లారీ అంత బండి. ముందు డ్రైవరు సీటు, దాని పక్కన ఇంకో సీటు. వెనక మంచం, గ్యాసు పొయ్యి, సింకు, చిన్న ఫ్రిజ్, మనిషి అటూ ఇటూ తిరగడానికి వీల్లేని స్నానాలగది. మేం తీసుకున్నది పాతిక అడుగుల పొడవుంది. మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చు. డెన్వర్‌లో బయల్దేరి వయోమింగ్ మీదుగా గ్రాండ్ టీటన్, అక్కణ్ణుంచి యెల్లోస్టోన్ వెళ్ళాం. ఈ సంగతి విని హైదరాబాదులో ఉన్న నా స్నేహితురాలు ఫోన్లో నవ్వింది. "అమ్మకి వంటింటి నుంచి సెలవిప్పిస్తానని వంటింటినే చక్రాల మీద పెట్టి వెంట తీసుకుపోతున్నావా? ఏ హోటల్లోనో దిగితే ఆమె ఒక్క గిన్నె కడగక్కర్లేదు కదా!"

ఆ నవ్వు వెనకున్న ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. అమెరికన్ల ఊహలో రోడ్డు చాలాకాలం మగవాడిది, ఇల్లు ఆడదానిది. 1909లోనే ఆలిస్ రామ్సే అనే ఇరవై రెండేళ్ళ యువతి న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా 59 రోజుల్లో కారు నడుపుకుంటూ వెళ్ళింది. ఆమె వెంట ఉన్న ముగ్గురు స్త్రీలలో ఎవరికీ డ్రైవింగ్ రాదు. అయినా రోడ్డు కథలన్నప్పుడు గుర్తొచ్చే పేర్లు మగవాళ్ళవే. రోడ్డునీ ఇంటినీ కలిపి కుట్టిన ఈ చక్రాల ఇల్లు వచ్చాక ఏమైంది? 1954లో లూసిల్ బాల్ నటించిన 'ది లాంగ్, లాంగ్ ట్రెయిలర్' సినిమాలో భర్త ముందు కారు నడుపుతూ ఉంటాడు. వెనక ఊగిపోతున్న ట్రెయిలర్లో కొత్త పెళ్ళికూతురు వంట చేయబోయి గిన్నెలతో పాటు తనూ కిందామీదా పడుతుంది. హాలంతా పగలబడి నవ్వడానికి తీసిన సన్నివేశం అది. నవ్వు సంగతి అలా ఉంచితే, కుటుంబం విహారానికి వెళ్ళినప్పుడు ఇల్లాలి పని కూడా విహారానికి వెళుతుందన్న నిజం అందులో ఉంది.

అయితే హోటలు నాకు సమాధానంగా తోచలేదు. హోటల్లో పని మాయం కాదు, కంటికి కనపడకుండా పోతుంది, అంతే. మన పక్క దులిపి దుప్పటి మార్చేది సాధారణంగా ఇంకో స్త్రీ. ఆమె వలస వచ్చిన స్త్రీయో, పేద స్త్రీయో అయివుంటుంది. అమ్మ విశ్రాంతిని ఇంకో అమ్మ నడుం మీద కట్టడం నాకిష్టం లేదు. పైగా అమ్మకి హోటలు గదంటే భయం. నాన్న ఆపరేషనుకి చెన్నై వెళ్ళినప్పుడు ఒక లాడ్జిలో పదకొండు రోజులున్నాం. "ఆ గదిలో చెయ్యడానికేం లేదు, గోడల్ని చూస్తా కూర్చోడమే" అని ఇప్పటికీ అంటుంది. పనిలేకుండా మూసిన తలుపుల వెనక కూర్చోవడాన్ని విశ్రాంతి అనలేం. ఖైదు అనొచ్చు.

మొదటిరోజే ఒక సంగతి తెలిసింది. బండి కదులుతున్నంతసేపూ స్టవ్ ముట్టకూడదు. అల్మారాలకు గడియలు పెట్టాలి, మనుషులు బెల్టులు పెట్టుకుని కూర్చోవాలి. అమ్మకి ఈ నియమం భలే నచ్చింది. "ఇదేందే, పొయ్యికి తాళం! ఎవరన్నా టీ అడిగినా ఇయ్యడానికి లేదు" అంది. నేను బండి నడిపేదాన్ని, ఆమె పక్క సీట్లో. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా రోడ్డుకేసి చూస్తూ కూర్చుంటే మాటలు సులువుగా వస్తాయి. రాలిన్స్ దాటి లాండర్ వైపు వెళుతుంటే, కనుచూపు మేర చెట్టన్నది లేని ఆ మెట్టనేలని చూసి మన కనిగిరిలాగా ఉందంది. ఆ వెంటనే, నెల్లూరులో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునే రోజుల్లో టైపు లోయరు పాసయ్యానని చెప్పింది. సర్టిఫికెట్టు ఇంకా ట్రంకుపెట్టెలో ఉందట. పెళ్ళి తర్వాత టైపు మిషను మీద చెయ్యిపెట్టలేదట. "ఏళ్ళు మర్చిపోతాయా? ఇప్పుడు కూడా కళ్ళు మూసుకుని కొడతా" అని డాష్‌బోర్డు మీద వేళ్ళు ఆడించింది. ఆ వేళ్ళు చపాతీలు వత్తాయి, పసిబిడ్డలకి నలుగు పెట్టాయి, నాన్నకి మందులు లెక్కపెట్టి ఇచ్చాయి. మొదట నేర్చుకున్నదీ, తనకోసమని నేర్చుకున్నదీ మాత్రం టైపు.

కాంప్‌గ్రౌండ్ చేరాక అసలు సమస్య మొదలైంది. చుట్టూ పైన్ చెట్లు, ఎదురుగా చలిమంట వేసుకునే ఇనపచట్రం, మడతకుర్చీలు రెండు. కూర్చోవాలి. అంతకుమించి చేయవలసిందేమీ లేదు. అమ్మ కూర్చోలేకపోయింది. లేచి టేబుల్ తుడిచింది. పైన్ ఆకులు ఊడ్చబోయింది. చివరికి ఫ్రిజ్‌లోంచి బీన్స్ తీసుకొచ్చి ఒళ్ళో పోసుకున్నాక స్థిమితపడింది. నాకు మా ఊళ్ళో సాయంత్రాలు గుర్తొచ్చాయి. మగవాళ్ళు రచ్చబండ మీద వట్టి చేతులతో కూర్చునేవాళ్ళు. ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చున్నా చేతుల్లో చింతపండో, చేటలో బియ్యమో, విస్తరాకులో ఉండేవి. ఆడదాని తీరికకి ఎప్పుడూ ఒక పూచీకత్తు కావాలి. చేతిలో పని ఉంటేనే ఆమె కూర్చున్నందుకు క్షమాపణ దొరుకుతుంది. ఆ బీన్స్ లాక్కోబోతే అది విముక్తి అయ్యేదా, ఇంకో రకం ఆజ్ఞ అయ్యేదా? నేను లాక్కోలేదు. ఇంకో చాకు తెచ్చుకుని పక్కన కూర్చున్నాను.

ఇక్కడ 'ఖాళీ' అన్న మాట గురించి కూడా చెప్పాలి. యెల్లోస్టోన్ 1872లో ఏర్పడిన ప్రపంచపు మొదటి జాతీయ పార్కు. మనిషి అడుగుపెట్టని, ఎవరూ లేని అడవి అని దాన్ని చాలాకాలం వర్ణించారు. ఎవరూ లేకపోవడమేమిటి! వేల ఏళ్ళుగా అక్కడ ఆదివాసులు వేటాడారు, వండుకున్నారు, పిల్లల్ని కన్నారు. షోషోనీ ప్రజల్లో భాగమైన టుకుడికాలు అక్కడే ఉండేవాళ్ళు. 1879 నాటికి వాళ్ళని బయటికి పంపేశారు. ఆ తర్వాత అది నిజంగానే ఖాళీ అయింది. ఒక నేలని ఖాళీ అనడం దాన్ని తీసుకోవడానికి ముందు మాట. అది చదువుతుంటే నాకు అమ్మ గుర్తొచ్చింది. నేలనీ మనిషినీ, ఒక జాతికి జరిగిన అన్యాయాన్నీ ఒక తల్లి కష్టాన్నీ ఒకే గాటన కట్టడం లేదు. వాటి బరువులు వేరు. కానీ పద్ధతి ఒకటే. ఒక స్త్రీ కాలాన్ని ఖాళీ అనేస్తే తీసుకోవడానికి అనుమతి అడగక్కర్లేదు.

యెల్లోస్టోన్‌లో మొదటి మూడురాత్రులూ మేమున్న చోట బండికి నీటి గొట్టం, కరెంటు తగిలించుకునే ఏర్పాటు లేదు. రాత్రి ఎనిమిది దాటితే జనరేటర్ వేయకూడదు. మా ట్యాంకులో పట్టేది 40 గ్యాలన్లు, అంటే దాదాపు 150 లీటర్లు. షవర్ తిప్పితే నిమిషానికి సుమారు 2 గ్యాలన్లు పోతాయి. తలుపు పక్కనే ఒక బోర్డు ఉంటుంది. మీట నొక్కితే మంచినీళ్ళెన్ని మిగిలాయో, వాడిన నీళ్ళెన్ని చేరాయో, మరుగుదొడ్డి ట్యాంకు ఎంత నిండిందో దీపాలు చెబుతాయి. అమ్మ ఆ బోర్డుని చూసి నన్ను షవర్ దగ్గరికి పోనివ్వలేదు. చిన్నప్పుడు ఫ్లోరైడు లేని నీళ్ళ కోసం మైలున్నర నడిచి రెండు బిందెలు మోసుకొచ్చిన మనిషి. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలకు మొదటి తడి, ముంచుకోవడానికి ఒక చెంబు, ఒళ్ళు తుడుచుకోవడానికి ఒక టవలు. మూడోనాటికి కూడా మంచినీళ్ళ దీపం ఇంకా ఆరలేదు. పక్క బండివాళ్ళు అప్పటికే రెండుసార్లు నింపుకొచ్చారు.

చూసి ముచ్చటపడటం సులువే. కరువు నేర్పిన విద్యని నైపుణ్యమని మెచ్చుకుంటే కరువుకి కూడా కాస్త మెప్పు పోతుంది, అదీ చిక్కు. అమ్మే అంది: "ఇదేం గొప్పనే? నీళ్ళుంటే నేనూ అరగంట పోసుకునేదాన్నే." నన్ను ఎక్కువ ఆలోచింపచేసింది ఆ బోర్డు. ఒక ఇల్లు నడవడానికి ఎన్ని నీళ్ళు ఖర్చవుతాయో, ఎంత మురికి తయారవుతుందో, ఎప్పుడు ఆగిపోతుందో మీట నొక్కితే తెలుస్తుంది. ఇళ్ళల్లో అది తెలియదు. మన ఇళ్ళల్లో ఆ బోర్డు అమ్మే. ఏం అయిపోయింది, ఏం నిండిపోయింది అన్నది ఆమె తలలో ఉంటుంది. ఆమెలో ఎంత మిగిలిందో చెప్పే దీపం మాత్రం ఎవరూ తయారుచేయలేదు.

నాలుగోరోజు పొద్దున మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేయాలి. దానికో ప్రత్యేకమైన చోటు ఉంటుంది. చేతికి తొడుగులు వేసుకుని, లావుపాటి గొట్టం తగిలించి, మీట లాగి, తర్వాత నీళ్ళతో కడగాలి. అమ్మ దూరంగా నిలబడి "నువ్వెందుకే? ఎవరన్నా ఉంటారేమో అడుగు" అంది. ఇక్కడ ఎవరి ట్యాంకు వాళ్ళే అన్నాను. ఆ రోజు మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. తర్వాత నెల్లూరు ఇంటి సంగతి చెప్పింది. పెరట్లో దొడ్డి. వెనక సందులోంచి ఒకావిడ రోజూ పొద్దున బుట్టా చీపురూ పట్టుకుని వచ్చేది. పండగలకి అన్నం పెట్టేవాళ్ళు, దూరంనుంచి. దాహమంటే నీళ్ళు పైనుంచి పోసేవాళ్ళు, దోసిట్లోకి. "నాలుగేళ్ళు చూశా. ఆమె పేరు నాకు తెలవదే" అంది అమ్మ. ఆమె గొంతులో నేనెప్పుడూ వినని జీర.

చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, దాన్ని ఇంకా గట్టిచేస్తూ 2013లో ఇంకొకటి వచ్చాయి. అయినా మురుగు గుంతల్లో దిగి చచ్చిపోతున్నవాళ్ళ వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. వాళ్ళది ఏ కులమో అడగక్కర్లేదు. మా మేనమామ భార్య ఇంటి చాకిరీతో నలిగిపోయిన మనిషే. కానీ ఆమె చాకిరీలోంచి ఒక ముక్కని కులం తీసి ఇంకో స్త్రీ నెత్తిన పెట్టింది. కాబట్టి 'అమ్మ రుణం' అని మనం మాట్లాడేటప్పుడు ఆ లెక్క అమ్మ దగ్గర ఆగదు. అమ్మకి నేను బాకీ అయితే, పేరు తెలియని ఆ స్త్రీకి మా ఇల్లంతా బాకీ. ఆ బాకీని ప్రేమ అనే మాటతో కప్పెట్టడానికి కూడా వీల్లేదు. అక్కడ ప్రేమ లేదు కనుక.

ఇంక రుణం సంగతికొస్తాను. పుట్టుకతోనే మూడు రుణాలుంటాయని వైదిక సంప్రదాయం చెబుతుంది. దేవరుణం యజ్ఞంతో, రుషిరుణం అధ్యయనంతో, పితృరుణం సంతానంతో తీరతాయి. వీటిలో మాతృరుణమని విడిగా లేదు. దాని గురించి అడిగితే అందరూ భక్తిగా చెప్పే జవాబు, అది తీర్చలేనిది అని. సినిమాల్లో, సన్మాన సభల్లో, పెద్దకర్మల్లో ఎన్నిసార్లు వినలేదూ! కానీ తీర్చలేని అప్పంటే ఆచరణలో తీర్చనక్కర్లేని అప్పు. మిగతా అప్పులకి విధులున్నాయి, గడువులున్నాయి. దీనికి నమస్కారం ఒక్కటి చాలు. అమ్మని ఆకాశానికెత్తడం, ఆమె లెక్క చూడకుండా తప్పించుకోవడం ఒకే పనికి రెండు పేర్లని నాకు చాలాకాలంగా అనుమానం.

దీనికి పూర్తిగా ఎదురు వాదన ఒకటుంది. అమెరికన్ తత్వవేత్త జేన్ ఇంగ్లిష్ పెద్దయిన పిల్లలు తల్లిదండ్రులకు ఏం బాకీ అన్న ప్రశ్న మీద రాసిన వ్యాసం 1979లో వచ్చింది. ఆమె జవాబు, ఏమీ బాకీ లేరని. అడగకుండా చేసిన త్యాగం అప్పు కాదు. పిల్లలు తల్లిదండ్రులకు చేసేది ప్రేమ వల్లా స్నేహం వల్లా చేయాలి, బాకీ వల్ల కాదు. స్నేహితులు లెక్కలు చూసుకోరు. ఆడపిల్లల నెత్తిన ఎప్పుడూ ఏదో ఒక రుణం పెట్టే సమాజం నుంచి వచ్చినదాన్ని కనుక ఈ మాట చదివినప్పుడు నాకు ఊపిరాడినట్టయింది. కానీ ఆ తర్వాత సందేహం వచ్చింది. స్నేహానికి సమానత్వం కావాలి. అమ్మ నా కాన్పులకి వచ్చింది నా స్నేహితురాలిగా కాదు. రానని చెప్పే వీలు ఆమెకి ఉందా? ఏడ్రియన్ రిచ్ 1976లో 'ఆఫ్ వుమన్ బార్న్'లో మాతృత్వాన్ని అనుభవంగానూ వ్యవస్థగానూ విడదీసి చూపింది. అమ్మ నాకిచ్చిన దాంట్లో అనుభవం నుంచి వచ్చింది ప్రేమ. దానికి బాకీ లేదని ఒప్పుకుంటాను. వ్యవస్థ ఆమె నుంచి లాక్కుని నాకిచ్చింది మాత్రం శ్రమ. అది నాకు చేరినా, ఆమె ఇష్టంగా ఇచ్చినా, లాక్కున్న సొత్తే. ఆ భాగానికి కావలసింది కృతజ్ఞతా కాదు, స్నేహమూ కాదు. న్యాయం.

న్యాయమంటే ఏమిటో ఆ ప్రయాణంలో ఇంకో మనిషి వల్ల కొంత అర్థమైంది. ఒక కాంప్‌గ్రౌండ్‌లో పనిచేస్తున్న డెబ్బై దాటిన ఒకావిడ తన ఆర్.వి.లో ఒంటరిగా ఉంటోంది. మా చలిమంట దగ్గరకొచ్చి కూర్చుంది. అమ్మ నాచేత ప్రశ్నలడిగించింది. భయం వేయదా? జబ్బు చేస్తే? ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఇల్లమ్మేసి ఏడేళ్ళయింది. కూతురు ఆదివారాలు ఫోన్ చేస్తుంది. ఇల్లు తనదే, ఎటు తిప్పితే అటు పోతుంది. కానీ ఈ వయసులో రోజూ టాయిలెట్లు కడగాలి, లేకపోతే గడవదు. 2008 ఆర్థికసంక్షోభం తర్వాత ఇలా బండ్లలోకి మారి, ఊరూరా సీజను పనులు చేసుకుంటున్న పెద్దవయసు వాళ్ళ గురించి జెస్సికా బ్రూడర్ 2017లో 'నోమాడ్‌లాండ్' అనే పుస్తకం రాసింది. దాని మీద క్లోయీ జావ్ తీసిన సినిమాకి 2021లో ఆస్కార్ కూడా వచ్చింది. ఆవిడ వెళ్ళాక అమ్మ చాలాసేపు మంటనే చూస్తూ కూర్చుంది. "ఆమెకి ఎవరూ అడ్డం లేరు. నాకు అన్నానికి దిగుల్లేదు. ఈ రెండూ ఒక ఆడదానికి కలిసి దొరకవా ఏందే?" అంది. అప్పుడామె ఒళ్ళో బీన్స్ లేవు. చేతులు ఊరికే ఉన్నాయి. నేను ఆ సంగతి గమనించినట్టు కనపడనివ్వలేదు.

స్త్రీవాదం ఇన్నేళ్ళుగా అడుగుతున్నది అమ్మ అడిగిన ఆ రెండూ కలిపి దొరకాలనే కదా. భద్రత కావాలంటే కాలం ఇచ్చెయ్యాలి, కాలం కావాలంటే భద్రత వదులుకోవాలి అన్న బేరమే అన్యాయం.

ఫిషింగ్ బ్రిడ్జి దగ్గర ఫోను అందింది. అమ్మే తమ్ముడికి చేసింది. అక్టోబరులో వస్తానంది. బాలింతకీ పసిబిడ్డకీ తను చూస్తానంది. పెద్దవాడి స్నానం, బడి, రాత్రి లేవడం వాడి నాన్నవంది. డిసెంబరులో టిక్కెట్టు ప్రకారం వెళ్ళిపోతానంది. "పొడిగించబాక" అని రెండుసార్లు చెప్పింది. నేను పక్కనే ఉన్నా, ఒక్కమాట అందించలేదు. అది ఆమె మాట. తమ్ముడు మొదట నవ్వాడు, తర్వాత అలిగాడు. మా మరదలు మాత్రం ఏడ్చింది. ఆ అమ్మాయికి తల్లి లేదు. ఉద్యోగం పోతే వీసా పోతుందన్న భయం వాళ్ళిద్దరికీ ఉంది. జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఇమ్మని దేశమంతటికీ వర్తించే చట్టం అమెరికాలో లేదు. 1993 నాటి చట్టం అర్హులైన ఉద్యోగులకు పన్నెండు వారాల జీతం లేని సెలవిస్తుంది. అది తండ్రికీ వర్తిస్తుంది. కానీ తమ్ముడు దాని గురించి ఎప్పుడూ వాకబు చేయలేదు. సెలవుకి బదులుగా అమ్మ ఉంది కదా! ప్రభుత్వమూ, కంపెనీలూ, మగవాళ్ళూ వదిలేసిన ఖాళీని పూడ్చడానికి కనిగిరి నుంచి ఒక ముసలామె విమానమెక్కుతుంది.

మరి మరదలి ఏడుపు మాటేమిటి? ఆ అమ్మాయి ఊరికే ఏడవలేదు. ఆమె ఏడుపుని అమ్మ హక్కుకి అడ్డుగా చూపడం అన్యాయం. దాన్ని లెక్కచేయకుండా అమ్మ స్వేచ్ఛ గురించి ఉపన్యాసమివ్వడం కూడా అన్యాయమే. డిసెంబరులో నా సెమిస్టరు అయిపోగానే నేను వెళ్ళి మూడువారాలున్నాను. తమ్ముడు నవంబరులో నాలుగువారాలు సెలవు పెట్టాడు. అన్నం మాడింది, పిల్లాడికి బడి ఆలస్యమైంది, ఎవరూ చచ్చిపోలేదు. జనవరి నుంచి బిడ్డని పగలు చూసుకోవడానికి డబ్బిచ్చి ఒకామెని పెట్టుకున్నారు. ఆమె కూడా ఒక స్త్రీయే. ఆమె జీతం, సెలవులు, ఆమె పిల్లల్ని ఎవరు చూస్తున్నారన్నది ఇప్పుడు మా ఇంట్లో రోజూ నడుస్తున్న వాదం. ఇదంతా పరిష్కారమని చెప్పను. కానీ ఒక తేడా ఉంది. ఇదివరకు ఈ పని అమ్మ ఒంట్లో దాక్కుని ఉండేది. ఇప్పుడు బల్లమీదికొచ్చింది. గంటల్లో, రూపాయల్లో, డాలర్లలో లెక్కకొచ్చింది. ఎవరిదెంతో మాట్లాడుకోవలసి వస్తోంది.

అందుకే అమ్మకి విశ్రాంతి ఇవ్వడం అన్న మాటని నేనిక వాడను. విశ్రాంతి కూతురు కొనిపెట్టే చీర కాదు. పదిరోజుల విహారం ముప్ఫై ఏళ్ళ బాకీకి చెల్లూ కాదు. పాత అప్పు తీర్చడం సంగతి తర్వాత, ముందు కొత్త అప్పు చేయడం ఆపాలి. అడగకుండా తీసుకోవడం ఆపాలి. అమ్మ కాదన్నప్పుడు ఆ కాదన్నది నిలబడేట్టు మన వాటా పని మనం ఎత్తుకోవాలి, మగవాళ్ళ వాటా వాళ్ళచేత ఎత్తించాలి. ఆమె వదిలిన పని వీధివెనక సందులోంచి వచ్చే ఇంకో పేరులేని స్త్రీ నెత్తిన పడకుండా చూడాలి. ఈ చివరిది అన్నిటికన్నా కష్టం. అది లేకపోతే మిగతావన్నీ ఒక ఇంటి స్త్రీ నుంచి ఇంకో ఇంటి స్త్రీకి చాకిరీని బదలాయించడమే.

మన సాహిత్యంలో అమ్మ మీద పద్యాలకి, పాటలకి, కథలకి లోటు లేదు. ఆమె చేతి వంటా, చీర కొంగూ, చద్దన్నం ముద్దా అన్నీ రాశాం. పని చేయని అమ్మని మనం ఎంతమందిమి రాశాం? ఎవరికీ ఏమీ వండకుండా, ఎవరికోసమూ ఎదురుచూడకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్న స్త్రీని మన భాష ఇంకా దోషిగానే చూస్తోంది. 'ఊరికే' అన్న మాటలోంచి ఆ నేరాన్ని తీసేయగలిగితే అది చాలా అందమైన మాట. ఎవరి అనుమతీ అక్కర్లేని, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని కాలమని దానికి అర్థం చెప్పుకోవచ్చు. ఆ అర్థాన్ని నిఘంటువులోకి ఎక్కించే పని మాత్రం ఏ ఒక్క అమ్మా ఒంటరిగా చేయగలిగేది కాదు.